దీపం కనబడింది, బొమ్మ ఏదీ?

మేడ్చల్, శామీర్‌పేట వైపు కొత్త ఫ్లాట్ల ఫొటోల్లో సోఫా పక్కన తోలుబొమ్మ లాంప్ అప్పుడప్పుడూ కనిపిస్తుంది. కనిపించడమంటే, ఒక తెల్లటి ముద్దలా. ఫోన్ కెమెరా గదంతా వెలుగ్గా చూపించాలనుకుంటుంది. దాంతో మేకతోలు మీది ఎరుపూ నలుపూ, చిల్లుల్లోంచి జారే వెలుగూ అన్నీ కలిసిపోతాయి. దీపం మీద వేలు పెట్టి ఎక్స్‌పోజర్ తగ్గిస్తే రంగులు తిరిగొస్తాయి, గది చీకట్లోకి పోతుంది. మనకి నచ్చనిది ఆ చీకటే. కొన్న సోఫా కనబడాలి కదా!

కానీ ఈ ఆట బతికిందే చీకట్లో. తెర వెనక దీపం, తెర ముందు జనం, మధ్యలో కదిలే బొమ్మ. ఆటలకి పిలుపులు తగ్గాక నిమ్మలకుంట కళాకారులు లాంప్‌షేడ్ల వైపు మళ్లారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. షేడ్ వాళ్లకి అన్నం పెడుతోంది, దాన్ని తప్పుపట్టలేం. నా పేచీ ఫొటోతోనే. షేడ్‌గా మారినప్పుడు బొమ్మకి కదలిక పోయింది. అందులో ఉన్నది హనుమంతుడో రావణుడో కూడా చూడకుండా 'ఎత్నిక్ కార్నర్' అని రాసేస్తే కథ కూడా పోతుంది.

ట్యూబ్‌లైట్ ఆపేయండి. గోడ మీద పడే నీడతో సహా తీయండి. సోఫా ఎక్కడికీ పోదు.