ఫాంటు లోపము – పాఠనిర్ణయము

సిద్దిపేట ప్రాంతపు మాండలికమును గూర్చి ఒక విద్యార్థి వ్రాసిన వ్యాసము మాకడకు పరిశీలనార్థము వచ్చెను. దంత్య చకార జకారములను అతడు ౘ, ౙ లిపులతో శ్రద్ధగా గుర్తించియుండెను. మా కంప్యూటరులో తెరచి చూడగా ఆ స్థానములందెల్ల ఖాళీ చతురస్రములు! అచ్చునకు పోయి వచ్చిన ప్రతిలో అవియును లేవు. అక్షరములు కూర్చినవారు దయదలచి సర్వత్ర చ, జలను నింపిరి. ౘుక్క, ౙొన్న అనునవి చుక్క, జొన్న అయినవి. చదువుటకు సుఖముగనే యున్నది గాని వ్యాసమునకు ఆధారము పోయినది.

తాళపత్ర లేఖకుల దోషములను పట్టుటకు మనకు పద్ధతులు కలవు. ఫాంటు దోషముల విషయమున మాత్రము "ఫాంటు పడలేదు" అను ఒక్క మాటతో సరిపెట్టుచున్నాము. ఇది శాస్త్రీయము కాదు. దోషలక్షణమే కారణమును చెప్పును. చతురస్రము కనబడినచో సంకేతము పదిలమే. ఫాంటునందు ఆ రూపము లేదు. యూనికోడునందు తెలుగు 1991 నుండి కలదు గాని, ౘ, ౙలు 2008లోను, నకారపొల్లు 2021లోను చేరినవి. వానిని ఎరుగని పాత ఫాంటును నూరుమారులు స్థాపించినను ఫలము సున్న.

తెలుగునకు మారుగా రోమను అక్షరములు కలగాపులగముగా వచ్చినచో వ్యాధి వేరు. అను ఫాంటుల వంటి వానితో కూర్చిన ప్రతులలో సంకేతములే తెలుగువి కావు. రోమను అక్షరముల స్థానములందు తలకట్లు, కొమ్ములు, ఒత్తులు ముక్కలుగా అమర్చబడినవి. ఆ ఫాంటునే స్థాపించిన నాటికి కనబడును. అది లేని యంత్రమున మరల అంధకారమే. యూనికోడునకు మార్చుట మేలు. మార్పిడిలో ఒత్తులు తారుమారగుట కలదు గనుక మూలముతో అక్షరాక్షరము సరిచూడవలెను. ఇక చుక్కల వలయముపై గుణింతపు గుర్తు నిలిచినచో తరచుగా టైపు చేసిన క్రమమే తప్పు; దానికి ఫాంటును నిందించుట అన్యాయము.

స్థాపించిన ఫాంటు పేరు జాబితాలో కానరానిచో మొదట ప్రోగ్రామును మూసి తెరువవలెను. విండోస్ 10లో 2018 నుండి ఒక్క వాడుకరికి మాత్రమే ఫాంటు స్థాపించు వీలు వచ్చినది. కొన్ని ప్రోగ్రాములు దానిని గుర్తింపవు. అప్పుడు వాడుకరులందరికిని స్థాపింపవలెను.

మా దృష్టిలో చతురస్రము సత్యసంధమైనది. తన లేమిని దాచదు. లేని అక్షరమును కంప్యూటరు వేరొక ఫాంటునుండి ఎరువు తెచ్చుటయే ప్రమాదము. ఆకృతి కొంచెము మారిన ఆ ౘకారమును జూచి పాఠకుడు రచయిత ఊనికయని భ్రమించును. కావున పరిష్కర్తలు ప్రతుల వివరములతోపాటు ఫాంటు పేరును, కూర్పుసంఖ్యను పీఠికయందు తెలుపుట అవసరమని మా అభిప్రాయము.

విద్యార్థి తన తొలి ప్రతిని దాచియుండెను. క్రొత్త ఫాంటుతో తెరువగా ౘ, ౙలన్నియు యథాస్థానములందు కనబడినవి. ఫాంటును పొదిగిన పీడీఎఫ్ ప్రతిని జతపరచి దానినే మరల అచ్చునకు పంపితిమి.