సబ్బు నురగ సాక్ష్యం

మహదేవపూర్ దసలి పట్టుకు పేరున్న ఊరు. తెగిన పోగును ఇట్టే పట్టేసి ముడివేసే చేతులకు ఇక్కడ కొదవ లేదు. అదే ఊళ్లో గ్యాస్ పొయ్యి బిగించే మెకానిక్‌కు ఆ సౌలభ్యం లేదు. అతని పనిలో తప్పు కంటికి కనపడదు.

అందుకే పనితనమున్న మెకానిక్ పొయ్యి దగ్గర కాదు, గ్యాస్ బండ దగ్గర మొదలుపెడతాడు. సీలు తీశాక వాల్వులోని రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందా, చిట్లిందా అని వెలుతురులో చూస్తాడు. రెగ్యులేటర్ 'టక్'మని దిగాక కూడా ఒకసారి పైకి లాగి చూస్తాడు. సురక్షా ట్యూబు నాజిల్ మీదికి చివరిదాకా ఎక్కాలి, ఎక్కడా మెలిక పడొద్దు, మంట సెగ తగలొద్దు. ట్యూబు మీది తేదీ అయిదేళ్లు దాటితే, పైకి బాగానే కనపడినా మార్చాల్సిందే. ఆఖరున అగ్గిపుల్ల జోలికి పోడు. పొయ్యి నాబులు మూసి, రెగ్యులేటర్ తెరిచి, ట్యూబు రెండు చివర్లకూ సబ్బు నురగ రాస్తాడు. ఒక్క బుడగ ఉబ్బినా పని మళ్లీ మొదటికే.

ఇల్లు కట్టేటప్పుడు గ్యాస్ గొట్టం పని కూడా ప్లంబర్‌కే అప్పగించేవాళ్లున్నారు. పైపు కోయడం, త్రెడ్డింగు కొట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్యే. కానీ నీళ్లు కారితే గోడ తడిసి చెబుతుంది. గ్యాస్ తనంతట తాను చెప్పదు కనుకే దానికి ఘాటు వాసన కలుపుతారు. బండలోని గ్యాస్ గాలికన్నా సుమారు రెండింతలు బరువు. నేలబారున పరుచుకుంటుంది కాబట్టి గాలి పోయే కంత కింద ఉండాలి. హైదరాబాద్‌లో భాగ్యనగర్ గ్యాస్ సంస్థ పైపుల్లో ఇచ్చేది గాలికన్నా తేలిక. దానికి కంత పైన ఉండాలి, పొయ్యి జెట్లూ మార్చాలి. ఇది పైపు తెలిసినవాడికి కాదు, గ్యాస్ తెలిసినవాడికి తట్టే సంగతి.

1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో, పొయ్యికి గ్యాస్ అందించే చోట బిగించిన ఒక నాసిరకం ఇత్తడి నట్టు దగ్గర గ్యాస్ కారింది. తెల్లవారుజామున అగ్గిపుల్ల గీయగానే పేలుడు. భవనం ఒక మూల పైనుంచి కిందిదాకా కూలి నలుగురు చనిపోయారు. నేడు బ్రిటన్‌లో ఎంత ఆరితేరిన ప్లంబరైనా గ్యాస్ రిజిస్టరులో పేరు లేనిదే ఆ పని ముట్టుకోకూడదు.

మన ఇళ్లకూ అదే న్యాయం. గోడలో గొట్టం ప్లంబర్ పరిచినా, ఆఖరి బిగింపు, పరీక్ష, పూచీ మాత్రం గ్యాస్ పని నేర్చినవాడివే కావాలి. అతను నురగ రాసి చూస్తున్నంతసేపు తొందరపెట్టకండి.