కత్తి తాకని మూడు వరసలు

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది వైపు వెళ్తుంటే ఒకచోట వరి చేలు ఆగిపోయి ఇసుక నేల మొదలవుతుంది. తడి పెట్టిన కాసేపటికే మళ్లీ పొడిబారే ఆ నేలలో సరుగుడు తోటలుంటాయి. మా ఇళ్లలో వాటిని సర్వి తోటలంటారు. బస్సులోంచి చూస్తే అన్నీ ఒకటే. నాటి వదిలేస్తే వాటంతటవే పెరుగుతాయని, నాలుగైదేళ్లకు కొట్టి అమ్ముకోవడమే పనని చాలామంది అనుకుంటారు. ఒక పెద్దాయన రెండెకరాల తోటలో ఒక పూట తిరిగేదాకా నేనూ అలాగే అనుకున్నాను. కడియం పూలమొక్కల పనితనం గురించి ఎంతో రాశాం. ఈ ఇసుకలో జరిగే పని కూడా అంత శ్రద్ధగా చూడాల్సిందే.

తోటలోకి అడుగు పెట్టగానే ఒకటి కళ్లబడింది. సముద్రం వైపు మూడు వరసల చెట్లకు కొమ్మలు నేలదాకా దిగి ఉన్నాయి. లోపలి చెట్లు మాత్రం కింద నున్నగా, నిటారుగా నిలబడ్డాయి. బయటి చెట్లకు పని తీరలేదేమో అనుకుని అడిగాను.

"ఆయ్, తీరకేం! వాటికి కత్తి పెట్టను బాబూ. ఉప్పుగాలి, ఇసక ముందు వాటికే తగులుతాయి. గాలిని ఆపకూడదు, వడగట్టాలి."

ఆయన మాటలో లెక్క ఉంది. గాలికి గోడలా అడ్డం నిలిస్తే అది పైకెక్కి అవతల సుడి తిరిగి పడుతుంది. సన్నటి ఆకుల మధ్య నుంచి దూరి వస్తే మాత్రం వేగం చచ్చిపోతుంది. నిజానికి మనం సరుగుడు ఆకులనుకునేవి ఆకులు కావు, సన్నటి పచ్చని రెమ్మలు. వాటి కణుపుల దగ్గర పొలుసుల్లా అంటుకుని ఉండేవే అసలు ఆకులు. అందుకే ఆ చెట్టు అంత ఉప్పుగాలికీ ఓర్చుకుంటుంది.

లోపలి చెట్ల దగ్గర ఆయన చేతిపని చూశాను. పచ్చి కొమ్మను ఎడమ చేత్తో కొంచెం కిందికి వంచి, కత్తిని కింది నుంచి పైకి ఒక్క విసురు విసిరాడు. కొమ్మ మానును అంటిపెట్టుకునే చోట చిన్న ఉబ్బు ఉంటుంది. కత్తి దాన్ని తాకకుండా, మొండి మిగల్చకుండా కొమ్మను కోసింది. పైనుంచి కొడితే కొమ్మ పడుతూ మాను బెరడును ఊడబెరుక్కుంటుంది. ఆ గాయంలోనే బెరడు తినే పురుగు చేరుతుంది. మొండి మిగిలితే అది కుళ్లుతుంది, లేదా మాను లావెక్కుతూ దాన్ని మింగి ముడి వేసుకుంటుంది. అలాంటి బాదు కర్ర బరువుకు అక్కడే విరుగుతుంది. ఆయన కొట్టిన చోటు వేలితో తడిమితే నున్నగా ఉంది.

ఎంత ఎత్తుదాకా కొట్టాలన్నదే అసలు విద్య. చెట్టు ఎత్తులో మూడో వంతు దాటకూడదని ఆయన నియమం. "అన్నం వండేది పై ఆకు. నీడన పడ్డ కింది కొమ్మ తినడమే గానీ పెట్టేదేం ఉండదు" అన్నాడు. ఆశకు పోయి ఇంకా పైకి కొట్టేస్తే మాను సన్నబడి పొడుగు సాగుతుంది, గాలికి ఊగి విరుగుతుంది.

ఎడం సంగతీ అంతే. మీటరుకు మీటరు చొప్పున నాటితే ఎకరానికి దాదాపు 4,000 మొక్కలు పడతాయి. ఒకటిన్నర మీటర్ల ఎడం ఇస్తే 1,800. దగ్గరగా నాటితే వెలుగు కోసం పోటీపడి నిటారుగా పెరుగుతాయి గానీ లావెక్కవు. ఈయన దగ్గరగానే నాటి, మూడో ఏట వంకరవి, బక్కవి ఏరి తీయిస్తాడు. అవి అరటి గెలలకు ఊతకర్రలుగా పోతాయి. 1996 నవంబరు 6 తుపాను రాత్రి కోనసీమ కొబ్బరి ఎలా పడుకుందో చూసిన మనిషి. పలచన చేయని తన పాత తోట కూడా ఆ రాత్రే నడిమికి విరిగిందని చెప్పాడు. ఆ రోజు నుంచి పలచన చేయడం ఎప్పుడూ మానలేదు.

ఈ కర్రకు మార్కెట్ లేకపోతే ఇంత శ్రద్ధ నిలిచేది కాదేమో. 1988 జాతీయ అటవీ విధానం, పరిశ్రమలు తమకు కావలసిన కలపను వీలైనంతవరకు రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని సమకూర్చుకోవాలని చెప్పింది. ఇవాళ రాజమండ్రి కాగితం మిల్లుకు సరుగుడు, సుబాబుల్, జామాయిల్ వెళ్లేది రైతుల చేలనుంచే. కోయంబత్తూరు అటవీ పరిశోధకులు రెండు జాతుల్ని కలిపి తయారుచేసిన సంకర సరుగుడు క్లోన్ మొక్కలు కూడా వచ్చాయి. అవి తొందరగా, సమానంగా పెరుగుతాయి. పెద్దాయన వాటిని సగం తోటలోనే వేశాడు. అన్నీ ఒకే మొక్క పిలకలైతే ఒకదానికొచ్చిన తెగులు అన్నిటికీ వస్తుందని ఆయన భయం. సరైన భయమే అని నాకనిపించింది.

జామాయిల్‌ను కొడితే మోడు మళ్లీ చిగురిస్తుంది. సరుగుడుకు ఆ నమ్మకం లేదు. అందుకే కొట్టిన తరవాత మోళ్లు కూడా తవ్వి వంటచెరకుకు అమ్మేస్తారు. నేను వెళ్లిన రోజు తోట చివర పాతిక సెంట్లలో ఆ తవ్వకం నడుస్తోంది. ఒక మోడు వేళ్ల మధ్య నుంచి ఆయన గోధుమరంగు గుత్తి ఒకటి తుంచి నా చేతిలో పెట్టాడు. పగడపు ముక్కలా గరుగ్గా, నిమ్మకాయంత ఉంది. ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి కాపురముండే బుడిపె అది. గాలిలోని నత్రజనిని చెట్టుకు అందించేది అదే. చవుడు ఇసుకలో ఎరువు లేకుండా సరుగుడు బతికే కిటుకంతా అక్కడుంది.

కూలీలు మోళ్లు బండికెత్తుతుంటే ఆయన వెనకే తిరుగుతూ బుడిపెలు ఏరుకున్నాడు. తువ్వాలులో మూట కట్టాడు.

"ఇవేం చేస్తారు బాబాయ్ గారూ?"

"దంచి నీళ్లల్లో కలిపి నారుమడికి పోస్తానండి. రేపు విత్తనం జల్లుతున్నాం."