ఆక్టోపసు చిత్రము: చూచినదెంత, ఊహించినదెంత?

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌను నగర సమీపమున ఫాల్స్ బే అను అఖాతము కలదు. అచటి చల్లని నీటిలో కెల్ప్ అను పెద్ద సముద్రపు నాచు అడవివలె పెరుగును. చిత్రనిర్మాణము వృత్తిగా గల క్రెయిగ్ ఫాస్టర్, వృత్తిలో అలసి, స్వస్థత కొరకు 2010 నుండి ప్రతిదినము ఆ నీటిలో మునుగుట అలవాటు చేసికొనెను. గాలి సిలిండరు లేదు. ఊపిరి బిగబట్టి మునుగుటయే. అట్లు ఒక ఆడ ఆక్టోపసును సుమారు ఒక సంవత్సరము కనిపెట్టి చూచి తీసిన దృశ్యములే ‘మై ఆక్టోపస్ టీచర్’ చిత్రమునకు ఆధారము. పిపా ఎర్లిక్, జేమ్స్ రీడ్ దర్శకులు. 2020లో విడుదలైన ఈ చిత్రమునకు 2021లో ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ బహుమతి లభించినది.

ఒక్కసారి మునిగినవానికి ఒక అందమైన ఫొటో దొరకవచ్చును. ప్రతిదినము అదే చోటికి పోయినవానికి ఒక జీవితచరిత్ర దొరకును. ఈ చిత్రపు గొప్పతనమంతయు ఇందే యున్నది. సొరచేప ఆక్టోపసు చేతినొకదానిని కొరికివేయును; సుమారు 100 దినములలో అది మరల పెరుగును. మరియొకసారి సొరచేప వెంటబడగా, ఆక్టోపసు గుల్లలను, రాళ్లను ఒంటినిండ కవచమువలె కప్పుకొనును. పిమ్మట ఆ సొరచేప వీపు మీదికే ఎక్కును! తుదకు గ్రుడ్లు పెట్టి, వానిని కాచుచు క్షీణించి మరణించును. వీనిని మనము కన్నులార చూతుము.

కాని చిత్రము చూపినదానితో ఆగదు. ఒకచోట ఆక్టోపసు చేపల గుంపువైపు చేతులు చాపును. అది ఆడుకొనుచున్నదని ఫాస్టర్ తలచును. కావచ్చును. 1999లో ప్రకటితమైన ఒక పరిశోధనలో జెన్నిఫర్ మాథర్, రోలండ్ ఆండర్సన్ అను శాస్త్రజ్ఞులు 8 ఆక్టోపసులకు తేలియాడు ప్లాస్టిక్ సీసా నిచ్చి చూచిరి. రెండు మాత్రము దానిపై నీరు చిమ్మి త్రోయుచు, అది తిరిగి వచ్చినప్పుడెల్ల మరల మరల త్రోసినవి. అచట పలుమారు జరిగిన చర్యయే సాక్ష్యము. ఇచట ఒక్క దృశ్యము, దానిపై ఒక మనుష్యుని అభిప్రాయము.

అట్లే, ఆక్టోపసు ఫాస్టర్ చేతిని తడవుట స్నేహముగా చెప్పబడినది. ఆ చేతుల బొడిపెలకు స్పర్శయే గాక రుచియు తెలియును. కనుక అది ‘ఇది ఏమి వస్తువు?’ అను పరీక్షయు కావచ్చును గదా! చిత్రము ఈ రెండవ దారిని మనకు చూపదు. ఇది చిన్న లోపము కాదు. కెమెరా చూచినదానికున్న నమ్మకము, కెమెరా చూడని మనస్సునకు కూడ అంటుకొనును.

ఉపాధ్యాయులు ఈ చిత్రమును తరగతిలో తప్పక చూపవచ్చును. విద్యార్థులచే కాగితముపై రెండు వరుసలు గీయించి, ఒకదాన ‘చూచినది’, రెండవదాన ‘అనుకొన్నది’ వ్రాయింపవలెను. అంతటితో చిత్రము చప్పబడిపోవునా? పోదు. గ్రుడ్లను కాచుచు మరణించిన ఆ తల్లి, మొదటి వరుసలో వ్రాసినను మన హృదయమును కదలించును. పిమ్మట పిల్లలు తమ బడివెనుక చీమలపుట్టను ఒక నెల ప్రతిదినము చూచి వ్రాసినచో, ఫాస్టర్ నుండి నేర్వదగిన అసలు పాఠము నేర్చినవారగుదురు.