మారియో మోసిన నీలాపనింద

ఒక రచనకు ఉత్తరభాగం రాయటమంటే పూర్వభాగానికి సంజాయిషీ చెప్పుకోవటమే. ఈ సంగతి మన పురాణకర్తలకు బాగా తెలుసు. యుద్ధకాండ ముగిసేసరికి శత్రువు చచ్చాడు, పట్టాభిషేకం జరిగింది, వినేవాడు కండువా దులుపుకుని ఇంటికి పోవచ్చు. ఉత్తరకాండ వాణ్ణి మళ్ళీ కూచోబెట్టి, ఇంత గొప్ప రాజ్యంలో ఒక నిరపరాధి మీద నింద పడితే ఏమైందో చెప్పింది. పూర్వభాగం మీద అభిమానం ఉన్నవాళ్ళకు అది ఇప్పటికీ మింగుడుపడదు.

2002 జులైలో జపానులోనూ, ఆగస్టులో అమెరికాలోనూ విడుదలైన ‘సూపర్ మారియో సన్‌షైన్’ ఇటువంటి ఉత్తరభాగమే. కాకపోతే అది గ్రంథం కాదు, వీడియో ఆట. వీడియో ఆట గురించి విమర్శనా వ్యాసమేమిటని కొందరు మిత్రులు నన్ను అడిగారు. అది కంపెనీ సరుకనీ, కుర్రవాళ్ళ పొద్దు పాడుచేసే వ్యసనమనీ, దాన్ని విమర్శించబూనటమే దానికి గౌరవమివ్వటమనీ వారి వాదన. ఒకప్పుడు నవలను గురించీ, తరువాత సినిమాను గురించీ పెద్దలు ఈ మాటే అన్నారు. సరుకు కావటం వల్ల ఒక వస్తువులో జీవితం ప్రతిఫలించకుండా పోదు; ఏ రూపంలో, ఎంత వంకరగా ప్రతిఫలిస్తున్నదో చూడటమే విమర్శకుడి పని. అనకాపల్లి కాలేజీల్లో చదివే పిల్లలు రాత్రిళ్ళు దేనితో గడుపుతున్నారో ఆ పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళు తెలుసుకోకపోవటం గొప్ప అనిపించుకోదు.

మారియో మన పట్టణాలకు కొత్తవాడేమీ కాదు. 1990ల్లో టి.వి.కి తగిలించుకునే చవకరకం నకలు యంత్రాలు ఇంటింటా ఉండేవి. వాటిలో పెట్టే కాసెట్ల మీద వేల ఆటలని రాసి ఉండేది. తీరా చూస్తే పదో ఇరవయ్యో ఉండేవి. వాటిలో మారియో తప్పకుండా ఉండేవాడు. ఎర్ర టోపీ, బుర్రమీసం, కుళాయి మిస్త్రీ వృత్తి. 1981లో మొదటిసారి కనబడ్డప్పుడు వడ్రంగి. 1983 నుంచి కుళాయి మిస్త్రీ. ఏమైనా చేతిపనివాడే. కాని ఆ ఆటల్లో అతను కుళాయి బాగుచేసిన పాపాన పోలేదు. గొట్టాల్లోకి దూరటమూ, గెంతటమూ, రాకుమారిని విడిపించటమూ అతని పని. అంటే వేషం శ్రామికుడిది, వృత్తి రాజసేవకుడిది.

1996లో వచ్చిన ‘సూపర్ మారియో 64’ ఈ మనిషిని బల్లపరుపు తెర మీదనుంచి లేపి, నిడివీ వెడల్పూ లోతూ ఉన్న లోకంలో నిలబెట్టింది. చేతిలోని చిన్న పుల్లను కొంచెం వంచితే అతను నడుస్తాడు, పూర్తిగా వంచితే పరిగెత్తుతాడు. ఇవాళ ఇది మామూలు సంగతిలా కనిపిస్తుంది గాని, ఆనాడు ఆటగాడి వేలికీ తెరమీది కాలికీ మధ్య అంత దగ్గర సంబంధం కుదరటం పెద్ద విజయం. ఆ ఆట ‘క్లాసిక్’ అయింది దాని కథ వల్ల కాదు. కథ చెప్పాలంటే ఒక్క ముక్క: రాకుమారి పీచ్ కేకు చేశాను రమ్మని ఉత్తరం రాసింది, వెళితే కోట శత్రువు చేతిలో ఉన్నది. మారియో గోడలకు వేలాడే పటాల్లోకి దూకి, 15 లోకాలు తిరిగి, నక్షత్రాలు ఏరుకొస్తాడు. చిట్టచివర అతనికి దక్కేది ముక్కు మీద ఒక ముద్దూ, ఆ కేకూను. ఎవరి కోట, అందులో అన్ని పటాలు ఎలా చేరాయి అని అడిగే తీరిక ఆటగాడికి ఉండదు.

యొషిఆకి కొయిజుమి, కెంటా ఉసుయి దర్శకత్వం వహించిన ఉత్తరభాగంలో కోట లేదు. రాకుమారితో కలిసి మారియో డెల్ఫినో దీవికి సెలవులు గడపటానికి విమానంలో బయలుదేరతాడు. దిగీ దిగగానే విమానాల బాట మీద బురదలాంటి రంగు పేరుకుని ఉంటుంది. దాన్ని కడిగినవాణ్ణే పోలీసులు పట్టుకుంటారు. దీవి అంతా ఎవడో రంగు పూసి పాడుచేశాడు, దీవికి వెలుగునిచ్చే సూర్యబింబాలు పారిపోయాయి, చూసినవాళ్ళు చెప్పిన పోలికలు మారియోకు సరిపోయాయి. కోర్టు జరుగుతుంది. ముద్దాయికి వకీలు లేడు. రాకుమారి లేచి అభ్యంతరం చెబితే జడ్జీ ఒక్క మాటతో తోసిపుచ్చుతాడు. శిక్ష: దీవినంతా కడగాలి, కడిగేదాకా దీవి వదిలి పోరాదు.

ఈ ఘట్టం రెండు నిమిషాలు కూడా ఉండదు. అయినా రావిశాస్త్రిగారి కోర్టులు చదివిన విశాఖ జిల్లా పాఠకుడికి ఇందులో అతిశయోక్తి ఏమీ కనిపించదు. పేదవాడి ముఖమే సాక్ష్యం, సాక్ష్యం వచ్చేసరికే తీర్పు తయారు. రావిశాస్త్రిగారు ‘ఆరు సారా కథలు’లో చట్టం ఎవరి చేతిలో ఎలా పనిచేస్తుందో విప్పి చూపితే, ఇక్కడ దాన్నొక హాస్యపు తునకగా చేసి వదిలారు. అయినా కుళాయి మిస్త్రీకి సంకెళ్ళు పడ్డాయన్న సంగతి మిగులుతుంది. పూర్వభాగంలో ఈ మాత్రమూ లేదు.

వినాయక చవితినాడు అక్షతలు చేతబట్టి శమంతకమణి కథ వినని తెలుగు పిల్లవాడు అరుదు. ఆ మణి సూర్యుడిచ్చింది. అది పోతే నింద కృష్ణుడి మీద పడింది. కృష్ణుడు తానే అడవిలోకి పోయి దాన్ని వెతికి తెచ్చి నీలాపనింద పోగొట్టుకున్నాడు. ఈ ఆటలోనూ పోయింది సూర్యుడి సొత్తే, నింద పడ్డవాడే వెతకాలి. జపానులో ఈ ఆట తయారుచేసినవారు మన వ్రతకథ చదివి ఉంటారని నేననటం లేదు. తేడా చూడవలసింది మరొకచోట. యాదవ ప్రభువు మీద నింద పడితే ఎవరూ ఆయన చేతికి చీపురివ్వలేదు. ఆయన గుహలో భల్లూకంతో యుద్ధం చేశాడు, మణితోపాటు పెళ్ళికూతుర్ని కూడా తెచ్చుకున్నాడు. పనివాడి మీద నింద పడేసరికి సాహసంతోపాటు ఊరు కడిగే చాకిరీ కూడా వచ్చిపడింది.

ఇక ఆ చాకిరీ సంగతి. ఈ ఉత్తరభాగం బలమంతా అందులోనే ఉన్నదని నా అభిప్రాయం. మారియో వీపున ఒక నీళ్ళ యంత్రం ఉంటుంది. మన చెరుకు చేలల్లో, వరి మళ్ళలో మందు కొట్టే డబ్బాను ఎరిగినవాళ్ళు దాన్ని చూడగానే గుర్తుపడతారు. బురద మీదికి నీళ్ళు చిమ్మితే ధార తగిలినచోట చుట్టూ విచ్చుకుంటూ అడుగున ఉన్న నేల రంగు బయటపడుతుంది. మూల మిగిలితే చెయ్యి ఊరుకోదు, వెనక్కు తిరిగి మళ్ళీ కడగాలనిపిస్తుంది. బురదలో కూరుకుపోయిన దీవి మనిషి మీద నీళ్ళు చల్లితే వాడు లేచి దండం పెడతాడు. పూర్వభాగంలో గెంతటం ఎంత సుఖంగా ఉండేదో, ఇందులో కడగటం అంత సుఖంగా ఉంటుంది. ఒక పనికీ దాని ఫలితానికీ మధ్య తెర లేకుండా ఉంటే శ్రమ ఎటువంటి ఆనందమో, ఫ్యాక్టరీలోనూ ఆఫీసులోనూ ఆ ఆనందం ఎందుకు దొరకదో, ఈ ఆట ఎవరికీ ఉపన్యాసం ఇవ్వకుండా వేళ్ళకు తెలియజేస్తుంది.

కూలి విషయంలోనూ ఆట తెలియకుండానే ఒక నిజం చెప్పింది. దారిలో దొరికే నాణేలు మారియో ఒంట్లో తగ్గిన ఓపికను తిరిగి నింపుతాయి. అంటే కూలి అనేది మర్నాడు మళ్ళీ పనిలోకి రావటానికి సరిపడే సత్తువ అన్నమాట. ‘పెట్టుబడి’ పాఠం చెప్పే అధ్యాపకులు ఈ ఉదాహరణ వాడుకోవచ్చు.

అయితే ఊరు కడగటాన్ని శిక్షగా వేశారన్న దగ్గర మనం ఆగాలి. జపాను కుర్రవాడికి గాని, అమెరికా కుర్రవాడికి గాని ఇది తప్పుచేసినవాడికి వేసే సమాజసేవ, కొన్నాళ్ళుంటుంది, పోతుంది. మన దేశంలో ఈ శిక్ష కోర్టు వెయ్యదు, పుట్టుక వేస్తుంది. దానికి గడువు లేదు, అప్పీలు లేదు. చేతితో పాకీపని చేయించటాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది, చాలలేదని 2013లో మరొకటి వచ్చింది. కోలారు బంగారు గనుల దగ్గర తెలుగు మాట్లాడే దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ పని నిర్మూలనకే పెట్టవలసి వచ్చింది. 2016లో ఆయనకు మెగసెసే బహుమతి వచ్చింది. మురుగుగుంటల్లో మనుషులు చావటం మాత్రం దానితో ఆగలేదు. 2023 డిసెంబరు చివర ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె కట్టి, జనవరి దాకా చీపుళ్ళు ముట్టలేదు. వీధుల్లో చెత్త పేరుకున్నాక గాని వీధులు ఎవరు ఊడుస్తున్నారో చాలామందికి గుర్తురాలేదు. ఇటువంటి దేశంలో ఆడే పిల్లవాడికి ‘కడగటం నేరస్థుడి పని’ అన్న సూచన అందితే అది పాత విషమే. ‘కడగటం వీరుడి పని’ అన్న అనుభవం కూడా అదే ఆటలో అందుతున్నది. కథ మొదటిది చెబుతుంది, ఆడే చెయ్యి రెండవది చెబుతుంది. ఇది ఆటలోని అసలు వైరుధ్యం. దీన్ని తీర్చే ప్రయత్నం కర్తలు చెయ్యలేదు.

అంతకన్నా పెద్ద లోపం, బురద ఎక్కడిదన్న ప్రశ్నకు వారిచ్చిన జవాబు. మారియో వేషంలో రంగు పూసినవాడు శత్రురాజు బౌజర్ కొడుకు, ఒక పసివాడు. పీచ్ నీ తల్లి, మారియో ఆమెను ఎత్తుకుపోయాడని తండ్రి చెప్పిన అబద్ధం నమ్మి ఇదంతా చేశాడు. అంటే ఒక దీవి నీరూ నేలా పాడైపోవటానికి కారణం ఒక కుటుంబంలోని అపార్థం! నోకీ అఖాతమనేచోట నీరు విషమై, గవ్వలు వీపున మోసే అక్కడి జనం అల్లాడుతుంటారు. కారణం వెతుక్కుంటూ అడుగుకు పోతే ఒక రాకాసి మలుగుచేప పళ్ళు పాచిపట్టి ఉంటాయి. మారియో ఆ పళ్ళు తోమగానే నీళ్ళు తేటపడతాయి. ఘట్టం చిత్రణ అద్భుతమని ఒప్పుకుంటాను. ఆ చీకటి నీళ్ళలో దిగేటప్పుడు నిజంగా గుండె ఝల్లుమంటుంది. కాని అనకాపల్లి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. 2025లో నక్కపల్లి మండలం రాజయ్యపేట మత్స్యకారులు మందుల కంపెనీల పార్కు తమ ఊరికి వద్దని ఆందోళనకు దిగింది ఏ మలుగుచేప పళ్ళను చూసీ కాదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది చచ్చిపోయారు. దానికి ఏ పసివాడి అపార్థమూ కారణం కాదు. కాలుష్యాన్ని ప్రకృతి వికారంగానో, చిలిపిపనిగానో చూపినంతకాలం దానికి లాభనష్టాల చిట్టా ఉంటుందన్న ఊహ ఆటగాడికి రాదు.

విచిత్రమేమంటే ఆ చిట్టాలోని ఒక పుట ఆటలోనే దొరుకుతుంది. వీపున ఉన్న నీళ్ళ యంత్రం గాడ్ సైన్స్ అనే సంస్థ తయారీ. రంగు పూసే మంత్రపు కుంచె నీకెవరిచ్చారంటే, తెల్లకోటు వేసుకున్న ఒక వింత ముసలాయన ఇచ్చాడంటాడు ఆ పసివాడు. తెల్లకోటు ముసలాయన ఆ గాడే! మురికిచేసే సాధనమూ, కడిగే సాధనమూ ఒకే కొట్టు సరుకులు. దీన్ని పట్టుకుని లాగితే ఆట అంతా మరో అర్థంతో నిలబడేది. దాన్నొక చమత్కారంగా విసిరేసి, ఆ ముసలాయన్ను కోర్టు గుమ్మం తొక్కించకుండానే ముగించారు.

సామాన్యంగా ఈ ఆటను తప్పుపట్టేవాళ్ళు ఇవేవీ పట్టించుకోరు. నీళ్ళ యంత్రం వల్ల గెంతటంలోని శుద్ధత్వం పోయిందంటారు, నేనొప్పుకోను. కాని నీలి నాణేల గురించి వారన్నది నిజం. దీవిలో 240 నీలి నాణేలు దాచారు. పదేసి చొప్పున తీసుకుపోయి ఒక వర్తకుడికిస్తే అతను సూర్యబింబం ఒకటిస్తాడు. మొత్తం 120 బింబాల్లో 24 ఈ బేరం మీదనే రావాలి. గోడల వెంట, మూలల్లో, వాటిని వెతుక్కుంటూ తిరిగేటప్పుడు శ్రమలోని ఆనందం పోయి ఉత్త వెట్టి మిగులుతుంది. వస్తువు తరిగినచోట లెక్క పెరుగుతుందనటానికి ఇది మంచి ఉదాహరణ.

అనకాపల్లి అంగళ్ళలో ఈ ఆట యంత్రం అమ్మగా నేనెన్నడూ చూడలేదు. 2020 సెప్టెంబరులో కంపెనీవారు ఈ ఆటను ‘64’తోనూ, మరొకదానితోనూ కలిపి మళ్ళీ విడుదల చేసి, 2021 మార్చి 31 తరువాత అమ్మబోమని ముందే ప్రకటించి, అన్నట్టే ఆపేశారు. బజారులో గిరాకీ ఉండగా సరుకు దాచటమంటే ఏమిటో బెల్లం మార్కెట్టున్న ఊరివాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మన విద్యార్థులు దీన్ని ఆడుతున్నది లాప్‌టాపుల్లో, ‘డాల్ఫిన్’ అనే ప్రోగ్రాము ద్వారా. ఆడాక వాళ్ళు మాట్లాడుకునేది ఎక్కడ ఎలా గెంతాలో మాత్రమే. తీర్పు సంగతి అడిగితే ‘ఆ, అదొకటి ఉంది కదూ’ అని నవ్వుతారు.

ఆ మరుపు వాళ్ళ తప్పు కాదు. శత్రువు ఓడి, సూర్యాస్తమయమై, రాకుమారి ఇక సెలవులు మొదలుపెడదామన్నా జడ్జీ మళ్ళీ కనిపించడు. శిక్ష తప్పని ఎవరూ చదివి వినిపించరు, ఎవరూ క్షమాపణ చెప్పుకోరు. విరిగిపోయిన నీళ్ళ యంత్రాన్ని బాగుచేయించి మళ్ళీ మారియోకే బహుమతిగా ఇస్తారు.