సరీసృపముల పెట్టెకు జలనిరోధక పూత: ఒక విమర్శ

బల్లులను, పాములను ఇంట పెంచు అలవాటు పాశ్చాత్య దేశములలో విరివిగా గలదు. వాటి నివాసమును తామే నిర్మించుకొనువారు ప్లైవుడ్ పలకలతో పెట్టె చేసి, ముందు గాజు తలుపు బిగించి, లోపల రెండు మూడు పూతల వార్నిష్ వేయుదురు. అంతటితో తడి బెడద తీరినదని పెక్కుమంది నమ్మకము. ఈ పద్ధతిలో గుణములు లేకపోలేదు. ఖర్చు తక్కువ, కొయ్య వేడిని త్వరగా పోనీయదు గనుక గాజుతొట్టికన్న పెట్టె వెచ్చగా నుండును. కాని పూత వేసినంత మాత్రమున నీరు చొరదను వాదము పరీక్షకు నిలువదు.

కొయ్య సన్నని గొట్టముల కట్ట వంటిది. చెట్టు బ్రతికియున్నప్పుడు వేరు నుండి నీరు పైకి పోయినది ఆ దారులనే. కొయ్యను అడ్డముగా కోసినచో వాటి నోళ్లు తెరచుకొనును. ప్లైవుడ్‌లో పొరలను ఒకదానికొకటి అడ్డముగా అంటింతురు గనుక నాలుగు అంచులందును కొన్ని పొరల నోళ్లు బయటపడియే యుండును. నీటిని ఎక్కువగా పీల్చునది అంచు. వెడల్పైన ముఖము కాదు. అయినను ముఖమునకు మూడు పూతలు వేసి, అంచులను, మరచీలల రంధ్రములను, తీగ కొరకు తొలిచిన కన్నమును మరచుటే తరచుగా జరుగుచున్నది.

‘మెరైన్ ప్లైవుడ్’ కొన్నచో చాలునను మాటయు సగమే నిజము. ఐ.ఎస్. 710 ప్రమాణమునకు సరిపడు పలకలో పొరలను పట్టియుంచు జిగురు మరుగు నీటికి సైతము విడిపోదు. కాని జిగురు నీటికి తాళుట వేరు, కొయ్య నీరు పీల్చకుండుట వేరు. పీల్చిన కొయ్య ఉబ్బును, ఆరినప్పుడు ముడుచుకొనును. ఈ కదలికకు మూలల యందలి గట్టి పూత పగులును. కాబట్టి మూలలకు సాగు గుణము గల సిలికాన్ కావలెను. సిలికాన్ మీద పూత అంటదు గనుక ముందు పూత, అది గట్టిపడిన పిదప సిలికాన్ అను క్రమము తప్పరాదు. స్నానపు గదులకని అమ్ము సిలికాన్‌లలో బూజును చంపు మందులు కలుపుదురు. అట్టివి ప్రాణులుండు చోట పనికిరావు.

అన్ని ప్రాణులకు ఒకే విధానము చెప్పుట మరియొక లోపము. లెపర్డ్ గెకో అను బల్లి పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతముల పొడి నేలలది. దానికి తడి దాగుడుచోటు ఒకటి యున్న చాలును. న్యూగినీ వర్షారణ్యముల పచ్చ చెట్టు కొండచిలువకు తేమగల గాలి కావలెను. 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఘనమీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీటియావిరి ఇముడును. 20 డిగ్రీల వద్ద 17 గ్రాములే. తేమతో నిండిన పెట్టె రాత్రి చల్లబడినప్పుడు మిగులు ఆవిరి నీరై మూలలలో చేరును. అచట వార్నిష్ పెట్టె ఎక్కువ కాలము నిలువదు. నీరు పీల్చని పి.వి.సి. పలక మేలు. అయితే అది సుమారు 80 డిగ్రీల వద్ద మెత్తబడును గనుక వేడి దీపమును దానికి దూరముగా నుంచవలెను.

అన్నింటికన్న పెద్ద తప్పు తొందర. పూత చేతికి అంటకుండుట వేరు, లోపలి వరకు గట్టిపడుట వేరు. ఎపాక్సీ భాగములను సరియైన పాళ్లలో కలుపనిచో అది ఎన్నడును పూర్తిగా గట్టిపడదు. పెట్టెలోని పాము పొట్టను నేలకు ఆనించి పగలు రాత్రి ఆ ఆవిరులనే పీల్చును. మనిషివలె కిటికీ తెరచుకొని తప్పించుకొనలేదు. పెట్టె పాడైన మరల చేయవచ్చును. ప్రాణి పోయిన తిరిగి రాదు.

నక్షత్ర తాబేలు, ఉడుము, కొండచిలువ వంటి మన సరీసృపములను పట్టి ఇంట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. కాని ఇందలి శాస్త్రమును ప్రాణి లేకయే బోధింపవచ్చును. సమానమైన రెండు ప్లైవుడ్ ముక్కలలో ఒకదానికి ముఖములకు మాత్రమే, రెండవదానికి అంచులకు కూడ పూత వేయవలెను. పూత బాగుగా గట్టిపడిన పిదప రెంటిని తూచి, ఒక దినము నీట ముంచి, పైతడి తుడిచి మరల తూచవలెను. రెంటి బరువులలోని పెరుగుదలను పోల్చినచో పూత నిలిపిన దెంతయో, అంచు పీల్చిన దెంతయో త్రాసే చెప్పును.