నరకాల్సిన గెడ ఏది?

డెంకణికోట దాటి అంచెట్టి వైపు సాగితే రోడ్డుకిరువైపులా అడవి. 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది ఈ ప్రాంతాన్నే. మిట్టల మీద సాధనపు వెదురు, వాగుల వెంట ముళ్ల వెదురు. ఏనుగులకు రెండూ మేతే. వెదురు పని చేసే మేదరికి మాత్రం రెండింటి పని వేరు: సాధనపు గెడకు బోలు తక్కువ కాబట్టి కర్రకూ ఊతకూ బాగుంటుంది, ముళ్ల వెదురు లావు కాబట్టి నిచ్చెనకూ పందిరికీ పనికొస్తుంది.

వెదురును అర్థం చేసుకోవాలంటే కిందినుంచి చూడాలి. పాత దుంప పక్కన కొత్త దుంప పుడుతుంది, జానెడు దూరమైనా పోకముందే కొన పైకి తిప్పి గెడ అవుతుంది. చైనాలో కొండలంతా పాకే వెదురుకు ఈ కట్టుబాటు లేదు. మనది గుంపు విడవదు. అందుకే ఏటేటా కొత్తవి అంచున వస్తాయి, ముసలివి నడుమ మిగులుతాయి.

వానలు పడ్డాక కొమ్ము నేలను చీల్చుకొస్తుంది. ఎంత లావున బయటపడిందో గెడ అంతే లావు. తర్వాత ఒళ్లు చేయడమన్నది లేదు. తొడుగు మీది గోధుమరంగు నూగు చేతికి అంటితే దురద. ముడుచుకున్న కణుపుల మధ్య భాగం సాగుతూ రెండు మూడు నెలల్లో నిండు ఎత్తు అందుకుంటుంది. మంచి తావు దొరికిన ముళ్ల వెదురు 30 మీటర్ల దాకా పోతుంది. ఎత్తుకు నెలలు చాలు, చేవకు మాత్రం మూడేళ్లు కావాలి.

మేదరి నేర్పంతా ఈ తేడా పసిగట్టడంలోనే ఉంది. లేత గెడకు తెల్లటి పొడి, కణుపుల దగ్గర తొడుగు ముక్కలు ఉంటాయి. ముదురుది పచ్చదనం మాసి, మచ్చలు కట్టి ఉంటుంది. కత్తి వెనకతో తడితే ఖంగుమంటుంది. కావలసింది అదే, కానీ అది నడుమ, ముళ్ల కంపలో ఉంది. తొందరపడేవాళ్లు చేతికందే అంచు గెడల్ని కొట్టేస్తారు. రాబోయే ఏటి దుంపలు పుట్టేది వాటి మొదట్లోనే కాబట్టి పొదకు ఇంతకంటే ద్రోహం లేదు. తెలిసినవాళ్లు ఒక పక్క దారి చేసుకుని, గుర్రపు లాడం ఆకారంలో లోపలికి పోయి, ముదుర్లను నేల పైనున్న మొదటి కణుపుకు కాస్త ఎగువన ఏటవాలుగా కోస్తారు. కోసిన మోడులో నీళ్లు నిలవకూడదు. కొమ్ములొచ్చే కాలంలో కత్తి పెట్టరు. కోసిన గెడను నీళ్లలో నానబెడితే లోపలి పిండి పోతుంది, ఆ పిండి కోసమే వచ్చే పురుగూ దూరమవుతుంది.

12వ శతాబ్దపు వచనకారుడు మేదర కేతయ్యది ఈ కులవృత్తే. నేడు గంపల చోట ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాయి. అయినా అడవి బయట పెంచే వెదురును 2017లో అటవీ చట్టపు చెట్ల నిర్వచనం నుంచి తీసేశాక, గట్ల మీద నాటుకోవడానికి రైతుకు అడ్డు తగ్గింది. మొక్కతోపాటు కోసే పద్ధతీ అందాలని నా పట్టుదల. నేర్పగలిగిన చేతులు ఇంకా మన మధ్య ఉన్నాయి, వాళ్లకు గురువుల గౌరవం, తగిన కూలి దక్కాలి.

పద్ధతిగా కోసినా పొద శాశ్వతం కాదు: ముళ్ల వెదురు దాదాపు 40 ఏళ్లకోసారి పూస్తుంది. గింజ రాలాక పొద మొత్తం ఎండిపోతుంది. ఆ గింజే వెదురు బియ్యం, వండుకు తింటారు. మిగిలినది మొలిస్తే మొదటి ఏడు గడ్డిపోచంత సన్నంగా ఉంటుంది, తర్వాత ఏటికేడు కొమ్ము లావెక్కుతుంది. నిప్పు, పశువులు తాకకుండా ఆ కొన్నేళ్లు కాపాడితేనే మళ్లీ గెడలొస్తాయి.